మైనం మేపడానికి బావిలోకి దింపిన బ్యాక్టీరియా

చలికాలం తెల్లవారేసరికి సీసాలో కొబ్బరినూనె పేరుకున్నట్టే, అస్సాంలోని నహర్‌కటియా ముడిచమురు సుమారు 30 డిగ్రీల సెల్సియస్ దగ్గరే పేరుకుంటుంది. కారణం అందులోని పారాఫిన్ మైనం. 1960ల్లో ఆ చమురును 1,157 కిలోమీటర్ల పైప్‌లైన్‌లో బీహార్‌లోని బరౌనీ దాకా పంపడానికి ఇంజనీర్లు దాన్ని ముందు బాగా కాచి, తర్వాత ఒక పద్ధతిలో మెల్లగా చల్లార్చారు. అలా చల్లార్చితే మైనం పలుకులు ఒకదానికొకటి అల్లుకోవు. బావుల్లోనైతే గొట్టాల లోపల గీకించేవారు, వేడి నూనె పోసేవారు, ద్రావకాలు వాడేవారు. ఏం చేసినా కొన్నాళ్లకు మళ్లీ పట్టేది.

ఈ మైనాన్ని తినే జీవులున్నాయని అప్పటికే తెలుసు. బూజు పోగులు పారాఫిన్ పొరను తొలుచుకుపోతాయని జపాన్ వృక్షశాస్త్రవేత్త మియోషి 1895లోనే రాశాడు. అయితే చమురువాళ్లకు సూక్ష్మజీవి అంటే శత్రువే. చమురుతో పాటు పైకొచ్చే నీళ్లలో సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చే బ్యాక్టీరియా ఉంటాయని షికాగో భూగర్భశాస్త్రవేత్త ఎడ్సన్ బాస్టిన్ 1926లో చూపించాడు. ఆ వాయువు ఇనుప గొట్టాలను తినేస్తుంది. అలాంటి జాతిని చేతులారా బావిలో పోస్తారా ఎవరైనా?

పోయొచ్చన్నాడు కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో సముద్ర సూక్ష్మజీవులను పరిశోధించే క్లాడ్ జోబెల్. 1946లో పేటెంటూ పొందాడు. నిజానికి ఆయన ధ్యాస మైనం మీద కాదు, రాళ్ల సందుల్లో ఇరుక్కున్న చమురును కదిలించడం మీద. ఆ పెద్ద ఆశ నెరవేరడానికి తంటాలు పడుతుండగా, పక్కనున్న చిన్న పని ముందు కుదిరింది. 1980ల్లో టెక్సస్‌లో మైనం పట్టే బావుల కోసం బ్యాక్టీరియా మిశ్రమాలను అమ్మడం మొదలైంది.

మన దేశంలో ఢిల్లీలోని టెరి సంస్థ ఇలాంటి బ్యాక్టీరియాను పెంచింది. 2007లో ఓఎన్‌జీసీతో కలిసి దానికోసం ఒక ఉమ్మడి కంపెనీయే పెట్టింది. పని తీరు సులువే: బ్యాక్టీరియాను, వాటి మేతను నీళ్లలో కలిపి బావిలోకి పంపుతారు, కొంతకాలం బావి మూసి ఉంచుతారు, తర్వాత మళ్లీ చమురు తీస్తారు. కొన్నాళ్లకు మరో విడత.

"మైనం తినే బ్యాక్టీరియా" అన్న ప్రచారం మాత్రం సగమే నిజమని నాకనిపిస్తుంది. పొడవాటి పారాఫిన్ గొలుసు కొసన ఆక్సిజన్ తగిలించి, దాన్ని కొవ్వు ఆమ్లంగా మార్చి, రెండేసి కార్బన్ల చొప్పున కోసుకు తినడం వాటికి తెలుసు. కానీ బావి అడుగున ఆక్సిజన్ ఏదీ? కొద్ది రోజుల్లో అంత మైనాన్ని అరిగించుకోవడం అయ్యే పని కాదు. అసలు ఉపకారం అవి వదిలే సబ్బులాంటి పదార్థాలది కావచ్చు. సూడోమోనాస్ తయారుచేసే రామ్నోలిపిడ్ అలాంటిదే. అవి మైనం పలుకులను విడివిడిగా ఉంచుతాయి, గొట్టం గోడకు నీటి పొర పట్టేలా చేస్తాయి. తడి గోడకు మైనం అంత తేలిగ్గా అంటుకోదు.

నీళ్లు లేకపోతే ఇదేదీ జరగదు. అందుకే ఈ జీవులకు బావి, దాని దగ్గరి గొట్టాలు నచ్చినంతగా నీరు తీసేసిన చమురు పారే దూరపు పైప్‌లైన్లు నచ్చవు. ఉదాహరణకు, రాజస్థాన్‌లోని బార్మర్ నుంచి గుజరాత్ తీరానికి వేసిన పైప్‌లైన్‌లో, ఎంతో మైనమున్న ఆ చమురు పేరుకోకుండా దారి పొడవునా విద్యుత్తుతో వేడి చేస్తూనే ఉన్నారు.