కూలర్ ఫ్యాన్ లోపాలు

నీటి కూలర్‌లో తడి గడ్డి గుండా గాలిని లాగి గదిలోకి తోసే ఫ్యాన్ తిరగకపోవడం, మందగించడం, మోత చేయడం, కాసేపు తిరిగి ఆగిపోవడం కూలర్ ఫ్యాన్ లోపాలు. కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కాగజ్‌నగర్‌లో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. గాలి పొడిగా ఉండడం వల్ల ఇక్కడ కూలర్ బాగా చల్లబరుస్తుంది. వానలు పడి తేమ పెరిగాక దాన్ని మూలకు చేర్చేస్తారు, మళ్లీ ఎండలు ముదిరాకే బయటికి తీస్తారు. మోటారు వైండింగ్‌కు తేమ పట్టడం, బుష్‌లలో నూనె ఎండిపోవడం, షాఫ్టు తుప్పు పట్టడం ఎక్కువగా ఇలా మూలన ఉన్న కాలంలోనే జరుగుతాయి.

రేకు డబ్బా, అడుగున నీళ్లు, నడుమ కరెంటు మోటారు. వైండింగ్ ఎక్కడ దెబ్బతిన్నా డబ్బా అంతటా కరెంటు పాకవచ్చు. వేసవిలో ఇలా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. అందుకే మూత తీసే ముందు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకాలి. వైరింగ్ తప్పుగా ఉంటే స్విచ్ ఆపినా లోపలి తీగల్లో కరెంటు ఉండిపోవచ్చు. నీళ్లు పోసేటప్పుడూ ఇదే పద్ధతి. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరిచి వాడడం ఎంతమాత్రం తగదు. షాక్ నుంచి కాపాడేది, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. మామూలు ఎంసీబీకి ఆ పని చేతకాదు.

ప్లగ్ పీకాక రెక్కను చేత్తో తిప్పి చూడడం మొదటి పరీక్ష. బిగుసుకుంటే లోపం బుష్‌లోనో బేరింగ్‌లోనో ఉంది: తుప్పు తీసి నూనె వేయాలి, అరిగితే మార్చాలి. రెక్క తేలిగ్గా తిరిగినా, కరెంటు ఇచ్చాక మోటారు గుయ్‌మంటూ కదలకపోతే ముందు అనుమానించాల్సింది కండెన్సర్‌ను (కెపాసిటర్‌ను). సింగిల్ ఫేజ్ మోటారుకు తొలి తిప్పు ఇచ్చేది అదే. కొత్తది పాతదాని మీద రాసిన మైక్రోఫారడ్లకు సరిపోవాలి, వోల్టేజి దానికి తగ్గకూడదు. విప్పే ముందు అందులో మిగిలిన చార్జి పోగొట్టాలి. చవకైన ఈ భాగాన్ని చూడకుండానే మోటారు మార్చేసి డబ్బు పోగొట్టుకునేవారున్నారు.

నెమ్మదిగా తిరిగితే బలహీనపడిన కండెన్సర్‌తో పాటు వోల్టేజినీ చూడాలి. మోటారు బలం వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది: 230 వోల్టులకు బదులు 180 వస్తే బలం 61 శాతానికి పడిపోతుంది. ఫ్యాన్ బాగానే తిరుగుతున్నా గాలి రాకపోతే గడ్డికి ఉప్పు పేరుకుందేమో చూడాలి. బోరు నీళ్లతో ఇది త్వరగా జరుగుతుంది. గాలి ఆడక మోటారూ వేడెక్కుతుంది. వేడెక్కి ఆగి, చల్లారాక తిరిగితే లోపలి థర్మల్ రక్షణ పనిచేసిందని అర్థం. మాడిన వాసన వస్తే మాత్రం రీవైండింగ్ చేయించాల్సి రావచ్చు. రీవైండింగ్ తర్వాత తీగలు తారుమారైతే ఫ్యాన్ వెనక్కి తిరిగి, గాలిని గడ్డి గుండా బయటికి తోస్తుంది.

ఇన్వర్టర్ లేని ఏసీల బయటి యూనిట్లలోనూ, చలి దేశాల్లో ఇళ్లను వెచ్చబరిచే పాత హీట్ పంపుల్లో చాలావాటిలోనూ ఇదే తరహా మోటారు, కెపాసిటర్ ఉంటాయి. గది చల్లబడుతుండగా ఏసీ బయటి ఫ్యాన్ ఆగితే వేడి పోయే దారిలేక గ్యాస్ పీడనం పెరుగుతుంది, కంప్రెసర్ దెబ్బతినవచ్చు. కాబట్టి ఆ ఏసీని వెంటనే ఆపేయాలి.