సొంతంగా కాయిల్ చుట్టుకున్నవాళ్ళ కథ

ఇ-సిగరెట్ అనగానే మనకి గుర్తొచ్చేది పెన్‌డ్రైవ్ లాంటి ఓ ప్లాస్టిక్ ముక్క. కానీ దీని చరిత్రలో కొన్నేళ్ళపాటు హీరో వేషం వేసింది వేరే వస్తువు. పేరు రీబిల్డబుల్ డ్రిప్పింగ్ అటమైజర్, పొట్టిగా ఆర్‌డీఏ. ముందే చెప్పేస్తున్నా, నేను సిగరెట్ తాగను, వేప్ చెయ్యను, మిమ్మల్ని చెయ్యమనడానికి ఈ టపా రాయట్లేదు. కంపెనీ అమ్మిన వస్తువుని కొన్నవాళ్ళే విప్పి బాగుచేసుకోవడం, ఆ తర్వాత కంపెనీలొచ్చి దాన్ని మళ్ళీ సీలు వేసెయ్యడం... ఈ కథలో మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి పనికొచ్చే సంగతి ఒకటుందని నా అభిప్రాయం.

పొగాకు కాల్చకుండా పొగ తాగాలన్న ఆలోచన పాతదే. పెన్సిల్వేనియాకి చెందిన హెర్బర్ట్ గిల్బర్ట్ 1963లో దరఖాస్తు పెట్టుకుంటే 1965లో పేటెంటు వచ్చింది. కానీ వస్తువు బజారుకి రాలేదు. మళ్ళీ 2003లో చైనాలోని షెన్యాంగ్‌లో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు దీన్ని పట్టుకున్నాడు. ఆయన స్వయంగా బాగా సిగరెట్లు తాగేవాడు, తండ్రి లంగ్ కాన్సర్‌తో పోయాడు. 2004లో రూయాన్ పేరుతో చైనాలో అమ్మకాలు మొదలయ్యాయి. రూయాన్ అంటే 'పొగలాంటిది' అని అర్థం. పేరులోనే నిజం ఒప్పేసుకున్నారన్నమాట!

తొలిరోజుల్లో వచ్చిన ఇ-సిగరెట్లలో మూడు ముక్కలుండేవి: సన్నటి బ్యాటరీ, అటమైజర్, ద్రవంలో నానబెట్టిన స్పాంజి ఉన్న కార్ట్రిడ్జ్. చూడ్డానికి అచ్చం సిగరెట్టే. ఇబ్బందేంటంటే, స్పాంజి నుంచి ద్రవం సరిగ్గా దిగేది కాదు, కాయిల్ ఎండిపోయి మాడు వాసన వచ్చేది. బ్యాటరీ గంటా రెండు గంటలకే చేతులెత్తేసేది. కొన్నవాళ్ళలో చాలామంది ఎలాగైనా సిగరెట్ మానెయ్యాలని వచ్చినవాళ్ళు. ఇది పనిచెయ్యకపోతే మళ్ళీ పెట్టె కొనుక్కోవడమే గతి. అందుకని ఓపిగ్గా దాన్ని విప్పారు. కార్ట్రిడ్జ్ పీకేసి అటమైజర్ మీద నేరుగా రెండు మూడు చుక్కలు వేసి చూశారు. రుచి బాగుంది, ఆవిరి ఎక్కువొచ్చింది. డ్రిప్పింగ్ అన్న మాట అక్కడ పుట్టింది. బ్యాటరీ చాలకపోతే టార్చిలైటు గొట్టాల్లో పెద్ద బ్యాటరీలు పెట్టారు. అటమైజర్‌ని బ్యాటరీకి బిగించే మరకి 510 అనే సైజు దాదాపు అందరికీ ఒకటే అయిపోయింది. మన యూఎస్‌బీ పోర్టులాగా ఎవరి పైముక్కైనా ఎవరి కిందిముక్కకైనా పడుతుంది. కమిటీ లేదు, స్టాండర్డ్స్ డాక్యుమెంట్ లేదు, అలా జరిగిపోయిందంతే.

ఇక ఫ్యాక్టరీ అటమైజర్ కొన్నాళ్ళకే మాడిపోతుంటే, కాయిల్ మనమే ఎందుకు చుట్టుకోకూడదు అన్న ప్రశ్న వచ్చింది. దానికి జవాబే ఆర్‌డీఏ. ఉండేది చాలా తక్కువ. ఒక లోహపు పీట, దాని మీద రెండు మూడు పోస్టులు, వాటికి స్క్రూలు, పైన గాలి రంధ్రాలున్న మూత. పోస్టుల మధ్య కాయిల్ బిగించాలి, కాయిల్ లోపల్నుంచి దూది దూర్చాలి, ద్రవం చుక్కలు వెయ్యాలి. కొన్ని పీల్పులయ్యాక మళ్ళీ చుక్కలు. ట్యాంకు ఉండదు. మొదట్లో సిలికా తాడు, స్టీలు జాలీ వాడినవాళ్ళు తర్వాత మామూలు దూదికి వచ్చారు. తీగ కూడా కొత్తదేం కాదు. అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ నైక్రోమ్‌కి పేటెంటు తీసుకున్నది 1906లో. ఆ తర్వాత స్వీడన్ నుంచి కాంతల్ వచ్చింది. కరెంటు పొయ్యిలో ఎర్రగా కాలే స్ప్రింగుకి ఇది చుట్టమే. గ్రీసులో, ఫిలిప్పీన్స్‌లో, అమెరికాలో చిన్న చిన్న వర్క్‌షాపులవాళ్ళు లేత్ మీద వీటిని తయారుచేస్తే, షెన్‌జెన్ ఫ్యాక్టరీలు చవగ్గా నకళ్ళు దింపేవి.

ఇక్కడ కొంచెం లెక్క చూడాలి, ఎందుకంటే అసలు ప్రమాదం అందులోనే ఉంది. మెకానికల్ మాడ్ అంటే ఒక గొట్టం, ఒక బ్యాటరీ, ఒక స్విచ్. సర్క్యూట్ బోర్డు ఉండదు. నిండా ఛార్జ్ చేసిన 18650 బ్యాటరీ 4.2 వోల్టులు ఇస్తుంది. 0.5 ఓమ్ కాయిల్ పెడితే 8.4 ఆంపియర్లు, సుమారు 35 వాట్లు. ఫర్వాలేదు. అదే 0.1 ఓమ్ పెడితే 42 ఆంపియర్లు, 176 వాట్లు! మంచి 18650 అయినా ఆగకుండా ఇవ్వగలిగేది 20-25 ఆంపియర్లే. అంటే మనం ఇంటర్మీడియెట్‌లో మార్కుల కోసం బట్టీపట్టిన ఓమ్స్ లా ఇక్కడ మూతికి మూడంగుళాల దూరంలో ఉంటుంది. కాయిల్ చుట్టాక మీటర్‌తో రెసిస్టెన్స్ కొలవకుండా నొక్కకూడదన్నది అనుభవం ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళకి మొదట చెప్పే మాట.

అందరూ విన్నారా అంటే, లేదు. పెద్ద పెద్ద మేఘాలు ఊదే పోటీలొచ్చాయి, రెసిస్టెన్స్ తగ్గించుకుంటూ పోయారు. 2018 మేలో ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒకరు, 2019 జనవరిలో టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో ఒకరు వేప్ పేలి చనిపోయారు. కాబట్టి పాతకాలం బంగారం అని నేననను. జాగ్రత్త అనేది వస్తువులో లేదు, మనిషి బుర్రలోనే ఉంది. బుర్రలో ఉన్నది అందరికీ అందదు.

దీనికి ఇంజనీర్లు సమాధానం వెతక్కపోలేదు. 2014లో ఇవాల్వ్ అనే అమెరికన్ కంపెనీ డీఎన్‌ఏ 40 అనే బోర్డు తెచ్చింది. నికెల్ తీగ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఆ పెరుగుదలని చూసి బోర్డు ఉష్ణోగ్రత లెక్కేసి కరెంటు తగ్గిస్తుంది. దూది ఎండిపోయినా మాడదు. కాయిల్ చుట్టే స్వేచ్ఛ అలాగే ఉంది, కాపలాకి ఒక బోర్డు వచ్చింది. నాకైతే ఈ చరిత్ర మొత్తంలో నచ్చిన డిజైన్ ఇదే.

కానీ బజారు ఆ దారిలో పోలేదు. 2015లో జూల్ వచ్చింది. స్క్రూ లేదు, దూది లేదు, లెక్క లేదు. పాడ్ గుచ్చు, పీల్చు. నికోటిన్‌ని లవణం రూపంలో వాడటంతో గొంతులో ఘాటు తగ్గింది. ఆర్‌డీఏ వాడేవాళ్ళు ఆవిరి ఎక్కువ కాబట్టి మామూలుగా మిల్లీలీటరుకి 3, 6 మిల్లీగ్రాముల ద్రవం వాడేవాళ్ళు. జూల్ అమెరికాలో అమ్మింది 5 శాతం, అంటే మిల్లీలీటరుకి దాదాపు 59 మిల్లీగ్రాములు. 2017లో అమెరికా హైస్కూలు పిల్లల్లో 11.7 శాతం మంది ఇ-సిగరెట్ వాడితే, 2018కి అది 20.8 శాతం అయింది. ఆ ఏడాది డిసెంబరులోనే మార్ల్‌బొరో అమ్మే ఆల్ట్రియా 12.8 బిలియన్ డాలర్లు పోసి జూల్‌లో 35 శాతం వాటా కొంది. సిగరెట్ మానడానికని మొదలైన వస్తువు చివరికి సిగరెట్ కంపెనీ చేతికే చేరింది చూశారా!

ఈలోగా 2016లో అమెరికా ఎఫ్‌డీఏ నిబంధనలొచ్చాయి. విడిభాగాలు కూడా పొగాకు ఉత్పత్తుల కిందే లెక్క. ఒక్కో వస్తువుకీ కట్టల కొద్దీ కాగితాలతో అనుమతి తెచ్చుకోవడం పెద్ద కంపెనీలకే కష్టం, ఇక ఒక లేత్ ఉన్నవాడి సంగతి చెప్పేదేముంది? మన దేశంలో 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం వచ్చి తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నిషేధమయ్యాయి. ఏ ఆకారంలో ఉన్నా, నికోటిన్ ఉన్నా లేకపోయినా ఒకటే. తయారీ, దిగుమతి, అమ్మకాల్లో మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. బీడీ కట్ట మాత్రం కిళ్ళీ కొట్టులో దర్జాగా దొరుకుతుంది, అది వేరే టపా.

ఇంతకీ నేను చెప్పదలుచుకున్నదేంటంటే, మా వృత్తిలో వాడుకరికి అడ్డొచ్చే ప్రతిదాన్నీ బగ్ అంటాం. రెండు క్లిక్కులుంటే ఒకటి చెయ్యమంటాం. ఆర్‌డీఏలో అడ్డంకులన్నీ ఉన్నాయి: తీగ చుట్టాలి, కొలవాలి, చుక్కలెయ్యాలి, నాలుగు పీల్పులకోసారి ఆగాలి. సిగరెట్ మానాలన్న పట్టుదల ఉన్నవాడు అవన్నీ భరించాడు. ఊరికే సరదా కోసం వచ్చిన పదిహేనేళ్ళ పిల్లాడు ఎంతమంది భరిస్తారు? ఆ కష్టమే తెలీకుండా ఒక కంచెలా నిలబడింది. దాన్ని ఎవరూ కావాలని కట్టలేదు కాబట్టి, తీసేసేటప్పుడు అది కంచె అని ఎవరికీ తట్టలేదు. యూజర్ ఫ్రెండ్లీ అన్నారు, చప్పట్లు కొట్టారు.

వస్తువుని సులువు చెయ్యడం తప్పని నేననట్లేదు. ఎవరికి సులువు చేస్తున్నాం, ఆ సులువుతో లోపలికి ఇంకెవరొస్తారు అని డిజైన్ చేసేవాడు ఒక్కసారైనా అడగాలి. అలవాటు చేసే వస్తువుల విషయంలో మరీను. మనం రాసే యాప్‌లు కూడా ఆ జాబితాలోవే కదా?