పాలపళ్ల మీది పాచి: ఏ మందు ఎక్కడ పనికొస్తుంది?

పొద్దున్నే పళ్లు తోముకోకముందు నాలుకకు జిగురుగా తగిలేదాన్ని మనం పాచి అంటాం. దంతవైద్యులు బయోఫిల్మ్ అనేది దాన్నే. అది ఉత్త మురికి కాదు. స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ లాంటి బ్యాక్టీరియాలు చక్కెరతో జిగురు తయారు చేసుకుని, అందులో గుంపుగా కాపురం పెడతాయి. ఆ జిగురులోకి మందు సరిగా దిగదు. లోపలివి మందకొడిగా పెరుగుతాయి కాబట్టి చాలా యాంటీబయాటిక్స్‌కు లొంగవు కూడా. మెడికల్ షాపులో సిరప్ కొని పోసినా పిప్పి పన్ను మానకపోవడానికి కారణం ఇదే. ముఖం వాచి జ్వరం వస్తే మాత్రం అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

పాచిని విడగొట్టడంలో బ్రష్షే ముందు. మందులన్నీ దాని తర్వాతే. క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత మందు (0.12 లేదా 0.2 శాతం) బ్యాక్టీరియాను తగ్గిస్తుంది గానీ ఎక్కువ రోజులు వాడితే పళ్లకు గోధుమరంగు మరక పడుతుంది. ఉమ్మేయడం రాని పిల్లలకు, అంటే సుమారు ఆరేళ్లలోపు వాళ్లకు, ఇవ్వకూడదు. పేస్టుతో తోమిన వెంటనే వాడితే దాని బలం తగ్గుతుంది. అరగంట ఆగాలి.

పుచ్చు మొదలైన పాలపళ్లకు ఇప్పుడు ఎక్కువగా వినబడే పేరు సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్. 38 శాతం ద్రావణాన్ని ఒక్క చుక్క పూస్తారు. ఇంజెక్షన్ లేదు, డ్రిల్లు లేదు. వెండి బ్యాక్టీరియాను చంపుతుంది, ఫ్లోరైడ్ పంటిని గట్టిపరుస్తుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. చిక్కల్లా ఒకటే, పుచ్చిన చోటు నల్లగా మారి అలాగే ఉండిపోతుంది. ముందుపళ్లకైతే ఇంట్లో పెద్దవాళ్లతో కూడా మాట్లాడుకుని ఒప్పుకోవడం మంచిది. నరం దాకా చేరిన పుచ్చుకు ఇది సరిపోదు. అక్కడ సోడియం హైపోక్లోరైట్‌తో కడిగి వేరుకాలువను శుభ్రం చేస్తారు. కొందరు మూడు యాంటీబయాటిక్స్ కలిపిన పేస్టు పెడతారు. అందులో మినోసైక్లిన్ ఉంటే పంటి రంగు మారవచ్చు, అడిగి తెలుసుకోండి.

ఫ్లోరైడ్ అనగానే మన ఇళ్లలో భయం. కారణం లేకపోలేదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్లగొండ సంగతి సరేసరి. అనంతపురం, కోలారు, పావగడ బోరునీళ్లలోనూ ఫ్లోరైడ్ ఎక్కువే. కానీ ఆ జబ్బు ఏళ్లతరబడి తాగిన నీళ్ల వల్ల వచ్చేది. పంటికి పూసేది వేరు. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు, మింగకుండా చూసుకోవాలి. మీ ఇంట్లో కావేరి నీళ్లు కాకుండా బోరు నీళ్లు తాగుతుంటే, లేదా పిల్లలు సెలవులన్నీ ఊళ్లో గడుపుతుంటే, ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగడానికి పనికిరావు.

బెంగళూరులో ఫోర్ట్ ప్రాంతంలోని ప్రభుత్వ దంత కళాశాల మొదలు చాలా డెంటల్ కాలేజీల్లో పిల్లలకు పెడోడాంటిక్స్ అనే విడి విభాగం ఉంటుంది. కన్నడంలో చెప్పాల్సి వస్తే 'హుళుకు హల్లు' అంటే చాలు. సిల్వర్ మందు పూయించాక ఊరుకోకండి. సాధారణంగా ఆర్నెల్లకోసారి మళ్లీ పూయాల్సి వస్తుంది.