పాత లారీ ఇంజన్ నిలకడగా ఆడకపోతే: పంపు దించే ముందు చూడాల్సినవి

ఐడ్లింగ్‌లో ఉన్న పాత లారీ క్యాబిన్ ఊగిపోతోంది. అద్దాలు గలగలమంటున్నాయి. సైలెన్సర్ నుంచి వరుసగా రావాల్సిన దెబ్బల్లో ఒకటి మధ్యలో తప్పిపోతోంది. ఇలాంటి బండి షెడ్డుకు వస్తే తరచుగా వినపడే మాట ‘టైమింగ్ పోయింది’. దాని వెనకే ‘పంపు దించాలి’ అన్న మాట వస్తుంది. రెండూ నిజం కావచ్చు. కానీ పంపు దించడమంటే బండి రోజుల తరబడి ఆగిపోవడం, పంపు షాపు బిల్లు కట్టడం. ఒక్క లారీ మీద బతికే యజమానికి కిస్తీ మాత్రం ఆగదు. అందుకే ఏది ముందు చూడాలి, ఏది చివరికి వదలాలి అన్నది తెలియడం అవసరం. ఇక్కడ చెప్పేది కంప్యూటర్ లేని, మెకానికల్ పంపుతో నడిచే డీజిల్ లారీల గురించి.

ముందు ఒక మాట సరిచేసుకోవాలి. పెట్రోల్ ఇంజన్‌లో ఇగ్నిషన్ టైమింగ్ అంటే ప్లగ్ దగ్గర నిప్పురవ్వ పుట్టే క్షణం. డీజిల్ ఇంజన్‌లో ప్లగ్ లేదు. పిస్టన్ గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. కాబట్టి ఇక్కడ టైమింగ్ అంటే ఇంజెక్షన్ టైమింగ్. పిస్టన్ పైచివరకు, అంటే టీడీసీకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు పంపు డీజిల్ పంపడం మొదలుపెడుతుందన్నదే లెక్క.

మన రోడ్ల మీది పాత ఇంజన్ల వంశం చూస్తే విషయం సులువుగా అర్థమవుతుంది. 1954లో డైమ్లర్-బెంజ్ సహకారంతో జంషెడ్‌పూర్‌లో టాటా లారీల తయారీ మొదలైంది. తర్వాత వచ్చిన టాటా 697 ఆరు సిలిండర్ల ఇంజన్‌లో బోర్ 97 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 128 మిల్లీమీటర్లు. వరుసగా ఆరు ఎలిమెంట్లున్న ఇన్‌లైన్ పంపు ఆరు నాజిళ్లకు ఇంధనం పంపుతుంది. సిలిండర్లు మండే వరుస 1-5-3-6-2-4. ‘మైకో’ పేరు పంపుకు మారుపేరుగా నిలిచిపోవడానికి కారణం 1951లో బెంగళూరులో పుట్టిన ఆ కంపెనీయే. 2008లో పేరు బాష్‌గా మారినా షెడ్డుల్లో ఇప్పటికీ మైకో అనేవాళ్లున్నారు.

ఈ పంపును గేర్లు తిప్పుతాయి. గేరు పళ్లు జారవు కాబట్టి టైమింగ్ దానంతట అది ఒక్కరోజులో తప్పదు. కప్లింగ్ బోల్టులు వదులైతే, పంపు ఫ్లాంజ్ నట్లు సడలితే, లేదా ఎవరో పంపు దించి గుర్తు చూడకుండా బిగిస్తే తప్పుతుంది. ఏళ్ల తరబడి అరిగిన క్యామ్, రోలర్ల వల్ల కొద్దిగా వెనక్కి జరగొచ్చు. కాబట్టి మొదట అడగాల్సిన ప్రశ్న: ఈ మధ్య పంపు మీద ఎవరైనా చెయ్యి వేశారా? లేదంటే, నిన్న బాగున్న బండి ఈరోజు కొట్టుకుంటుంటే, అనుమానం టైమింగ్ మీద కాకుండా డీజిల్ వచ్చే దారి మీద పడాలి.

గాలి, నీళ్లు, చెత్త

ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులో డీజిల్‌ను లాగుతారు, నెట్టరు. అక్కడ చిన్న చీలిక ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి దూరుతుంది. పైకి తడి కనపడదు కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. పరీక్ష ఖర్చు దాదాపు ఏమీ లేదు. శుభ్రమైన డీజిల్ క్యాన్‌ను ఇంజన్ కంటే ఎత్తులో పెట్టి, పారదర్శకమైన గొట్టంతో ఫీడ్ పంపుకు కలపాలి. ఇంజన్ కుదుటపడితే లోపం ట్యాంకు వైపు ఉన్నట్టే. తర్వాత ఫిల్టర్లు, ఫీడ్ పంపు జాలీ. వర్షాకాలంలో ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి, డ్రెయిన్ ప్లగ్ విప్పితే తెలుస్తుంది. కిరోసిన్ కలిసిన డీజిల్ అయితే బాధ ఇంకొకటి. పంపుకు, నాజిల్‌కు ఆ డీజిలే నూనె. అది పలచబడితే లోపలి భాగాలు అరుగుతాయి.

ఆ తర్వాత తప్పిపోతున్న సిలిండర్ ఏదో కనిపెట్టాలి. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా నాజిల్ దగ్గరి హై ప్రెషర్ పైపు నట్టును ఒక్కొక్కటిగా కొద్దిగా వదులు చేస్తారు. బాగున్న సిలిండర్‌ది వదులు చేస్తే శబ్దం మారి ఇంజన్ ఇంకా కుంటుతుంది. ఏ నట్టు వదిలినా తేడా లేకపోతే అదే పనిచేయని సిలిండర్. ఈ పని చేసేటప్పుడు నట్టు మీద మందపాటి గుడ్డ, కళ్లకు అద్దాలు తప్పనిసరి. పాత నాజిళ్లు కూడా సుమారు 200 బార్ ఒత్తిడి దగ్గర తెరుచుకుంటాయి. ఆ ధార చర్మంలోకి దూరితే బయటికి చిన్న చుక్కలా కనిపించినా అత్యవసర శస్త్రచికిత్స అవసరమయ్యే గాయం. అందుకే చేత్తో లీకు వెతకకూడదు.

సిలిండర్ దొరికాక దాని నాజిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చాలి. లోపం నాజిల్‌తో పాటు వెళ్తే నాజిల్ షాపు పని, అంతకు మించి లేదు. లోపం అక్కడే ఉండిపోతే ట్యాపెట్ గ్యాప్ చూడాలి. గ్యాప్ మరీ తక్కువైతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ జారిపోతుంది. గ్యాప్ సరిగానే ఉంటే కంప్రెషన్ గేజ్ పెట్టాలి. కంప్రెషన్ కూడా బాగుంటేనే ఆ సిలిండర్‌కు చెందిన పంపు ఎలిమెంట్ మీద అనుమానం పెట్టుకోవడానికి ఆధారం దొరికినట్టు. నా ఉద్దేశంలో ఈ మార్చి చూసే పరీక్ష ఒక్కటి చేయకుండా పంపు దించమనే మెకానిక్ మాట నమ్మనక్కర్లేదు.

వేళను బట్టి కూడా కొంత తెలుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు కుంటి, వేడెక్కాక కుదుటపడితే కంప్రెషన్ బలహీనత. చల్లగా బాగుండి, వేడెక్కాక మొదలైతే అరిగిన ఎలిమెంట్ అయ్యే అవకాశం ఎక్కువ. ఎందుకంటే వేడి డీజిల్ పలచగా ఉండి సందుల్లోంచి వెనక్కి జారుతుంది. దెబ్బ తప్పకుండా ఇంజన్ వేగం లేస్తూ పడుతూ ఉంటే అది గవర్నర్ గోల. గాలి ఒత్తిడితో పనిచేసే కొన్ని పాత గవర్నర్లలో డయాఫ్రమ్ చిరిగినా, దాని గొట్టం పగిలినా ఇదే జరుగుతుంది. ఇక అన్నీ బాగుండి క్యాబిన్ మాత్రమే ఊగితే ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు చూడండి.

టైమింగ్ నిజంగా తప్పితే

పొగ, శబ్దం చెబుతాయి. ఇంజెక్షన్ ఆలస్యమైతే లాగే శక్తి తగ్గుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది, పూర్తిగా కాలని డీజిల్ తెల్లటి పొగగా వస్తుంది. ముందుకు జరిగితే ఇంజన్ సుత్తితో కొట్టినట్టు గట్టిగా కొడుతుంది. పికప్ బాగుందని కొందరు డ్రైవర్లు అలాగే ఉంచమంటారు కానీ పిస్టన్‌కు, హెడ్ గాస్కెట్‌కు అది మంచిది కాదు. నల్లపొగ సాధారణంగా గాలి తక్కువై లేదా డీజిల్ ఎక్కువై వస్తుంది, ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలి. నీలిపొగ ఇంజన్ ఆయిల్‌ది, టైమింగ్‌తో సంబంధం లేదు.

టైమింగ్ చెవితో సరిచేసే పెద్ద మెకానిక్‌లు ఉన్నారు. వాళ్ల అనుభవాన్ని తక్కువ చేయడం కాదు గానీ, నాజిల్ చెడిపోయిన ఇంజన్ కూడా టైమింగ్ తప్పినట్టే కొడుతుంది. చెవి మోసపోతుంది, ఫ్లైవీల్ మీది గుర్తు మోసపోదు. స్పిల్ పద్ధతి ఇలా ఉంటుంది. ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లోకి తేవాలి. రెండు వాల్వ్‌ల రాకర్లూ వదులుగా ఉంటే అదే స్ట్రోక్. ఇది చూడకపోతే పంపు అర చుట్టు తేడాతో కూర్చుంటుంది, ఇంజన్ స్టార్ట్ కాదు. పంపు ఒకటో ఎలిమెంట్ పైనున్న డెలివరీ వాల్వ్, స్ప్రింగ్ తీసి, హోల్డర్ తిరిగి బిగించి, హంస మెడలా వంగిన చిన్న పైపు పెడతారు. స్టాప్ లివర్ రన్ స్థితిలో ఉంచి, చేతి పంపుతో డీజిల్ కొడుతూ ఇంజన్‌ను అది తిరిగే దిశలోనే మెల్లగా తిప్పాలి. ధారగా వచ్చే డీజిల్ సన్నబడి, చుక్కలుగా మారి, దాదాపు ఆగిన క్షణమే ఇంజెక్షన్ మొదలు. అప్పుడు ఫ్లైవీల్ గుర్తు, ఆ ఇంజన్ మాన్యువల్ చెప్పిన డిగ్రీల దగ్గర సూచికకు ఎదురుగా ఉండాలి. గుర్తు దాటిపోతే వెనక్కి తిప్పి సరిపెట్టకూడదు. గేర్ల మధ్య ఆట వల్ల లెక్క తప్పుతుంది. బాగా వెనక్కి వెళ్లి మళ్లీ మొదటి నుంచి రావాలి.

సరిచేయడానికి ఫ్లాంజ్‌కు పొడుగాటి రంధ్రాలు ఉంటాయి. పంపు బాడీని దాని షాఫ్ట్ తిరిగే దిశకు ఎదురుగా జరిపితే టైమింగ్ ముందుకు, అదే దిశలో జరిపితే వెనక్కి వెళ్తుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే పంపు ఒక చుట్టే తిరుగుతుంది కాబట్టి, పంపును ఒక డిగ్రీ జరిపితే ఇంజన్ దగ్గర రెండు డిగ్రీలు మారినట్టు. తొందరపడి జరిపేవాళ్లు మరిచిపోయేది ఇదే.

సైన్యం వేలాల్లో వచ్చిన జబల్‌పూర్ తయారీ నిస్సాన్ ఒక టన్ను బళ్లు కొన్నవాళ్ల సంగతి వేరు. అవి పెట్రోల్ ఇంజన్లు. అక్కడ కాంటాక్ట్ పాయింట్ల గ్యాప్ ముందు సరిచేసి, ఆ తర్వాతే టైమింగ్ చూడాలి. గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారుతుంది.

ఈ శ్రమకు లెక్క ఉంది. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే బండి 3.6కు పడిపోయిందనుకుందాం. 500 కిలోమీటర్ల ట్రిప్పుకు దాదాపు 14 లీటర్లు అదనం. లీటరు 95 రూపాయలు వేసుకున్నా 1,300 పైమాటే. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఎఫ్‌సీ తప్పదు, పొగ పరీక్ష కూడా ఉంటుంది. బీఎస్-4కు ముందు డీజిల్ బళ్లకు పొగ సాంద్రత పరిమితి మీటరుకు 2.45, బీఎస్-4కు 1.62. పరీక్షకు ఇంజన్ పూర్తిగా వేడెక్కాకే వెళ్లాలి, చల్లటి ఇంజన్ పొగ ఎప్పుడూ ఎక్కువే.

పైన చెప్పిన నట్టు వదిలే పరీక్ష కామన్ రైల్ ఇంజన్లకు అసలు పనికిరాదు. వాటి రైల్‌లో ఒత్తిడి 1,600 బార్, అంతకు మించి కూడా ఉంటుంది. టైమింగ్‌ను కంప్యూటర్ నిర్ణయిస్తుంది, స్కానర్ లేకుండా ఏ నట్టూ ముట్టుకోకూడదు. పాత బండి పంపు దించాల్సి వస్తే మాత్రం, దించే ముందు ఫ్లాంజ్ మీద, ఇంజన్ మీద కలిపి ఉలితో ఒక గీత కొట్టించి, ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి.