కుంటిన ఇనుప యెద్దు

అహోబిలము కొండదిగువ ఆళ్లగడ్డ నల్లరేగడిలో మడక పట్టిన పెద్దలారా! ఎద్దు కుంటినచో ఏ కాలో ముందు చూతురు గదా. 1917లో అమెరికాయందు వెలువడిన ఫోర్డ్‌సన్ ట్రాక్టరునకును అదే పరీక్ష. దానికి నాలుగు సిలిండర్లు. పెట్రోలుతో మేల్కొని, కాగిన పిదప కిరసనాయిలుతో దున్నెడిది. కాగకమున్నే మార్చినచో, ఆవిరికాని కిరసనాయిలు అడుగునున్న తైలమును పలుచన చేయగా ఇంజను దగ్గెడిది. దుమ్ము చొరకుండ, లోనికి పోవు గాలిని నీటిమీదుగా నడిపిరి. ఈ యుపాయము నాకు మిక్కిలి నచ్చినది.

ఇంజను విప్పుటకు ముందు మెకానిక్కులు కొయ్యపిడి స్క్రూడ్రైవరును ప్లగ్గుతలకును ఇంజను ఇనుమునకును ఆనించి, ఒక్కొక్క ప్లగ్గునకు నిప్పురవ్వ తప్పించి వినెడివారు. ధ్వని తగ్గినచో ఆ సిలిండరు మంచిది. మారనిచో కుంటికాలు అదియే. పెక్కుమారులు ఆ ఒక్క ప్లగ్గు మసి తుడిచినంతనే, పదును ఆరకమునుపే మడక సాగెడిది.