కల్యాణమిత్రుని లేఖ: దక్షిణ కోసలలో దుఃఖోపశమన సంప్రదాయం

రాయ్‌పూర్ రైల్వే స్టేషన్‌కు ఒక వైపున గుఢియారీ వాడ ఉంది. 1931లో పూర్తయిన విజయనగరం–రాయ్‌పూర్ రైలుమార్గం ఉత్తరాంధ్రను ఈ నగరంతో కలిపింది. అయితే ఆంధ్రదేశానికీ ఈ ప్రాంతానికీ నడుమ రాకపోకలు రైలుతో మొదలైనవి కావు. నేటి ఛత్తీస్‌గఢ్‌లో అధికభాగమూ ఒడిశా పశ్చిమ ప్రాంతమూ కలిసి పూర్వం దక్షిణ కోసలంగా ప్రసిద్ధి పొందాయి. 7వ శతాబ్దిలో చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ కళింగం నుండి కోసలకు, కోసల నుండి ఆంధ్రకు, అక్కడి నుండి ధాన్యకటకానికి ప్రయాణించాడు. ఆ దారిలో ఆయన విన్న కథలు, చూసిన విహారాలు, అంతకు కొన్ని శతాబ్దాల ముందు అదే దారితో సంబంధమున్న ఒక లేఖ కలిసి ఒక ప్రశ్నకు సమాధానం ఇస్తాయి. కష్టకాలంలో కుంగిన మనస్సును బౌద్ధ సంఘం ఏ విధంగా నిలబెట్టింది? ఆశను దేనిపై నిర్మించింది?

చింతాక్రాంతుడైన రాజు

హుయాన్‌త్సాంగ్ సుమారు 639లో కోసలలో ఉన్నాడు. అక్కడ దాదాపు 100 సంఘారామాలూ, పదివేలకు కొంచెం తక్కువగా మహాయాన భిక్షువులూ ఉన్నారని ఆయన రాశాడు. రాజధాని పేరు మాత్రం చెప్పలేదు. అది మహానదీ తీరంలోని సిర్పూర్, అనగా ప్రాచీన శ్రీపురం, అని పలువురు పండితుల అభిప్రాయం. ఇతర స్థలాలను సూచించినవారూ ఉన్నారు.

ఆ దేశంలో ఆయన నమోదు చేసిన ఐతిహ్యాలలో ఆచార్య నాగార్జునునికీ శాతవాహన రాజుకూ సంబంధించినది ముఖ్యమైనది. ఆచార్యుని కోసం రాజు ఒక పర్వతాన్ని తొలిపించి ఐదు అంతస్తుల విహారం నిర్మించ పూనుకున్నాడు. పని సగమైనా కాకముందే కోశాగారం ఖాళీ అయింది. రాజు ముఖంలో దిగులును నాగార్జునుడు గమనించి కారణం అడిగాడు. తలపెట్టిన మహాకార్యం తన చేతిలో ఆగిపోతున్నదని రాజు చెప్పుకున్నాడు. చింతించవద్దనీ, మరునాడు కొండలూ అడవులూ తిరిగి వచ్చిన తరువాత నిర్మాణం సంగతి నిదానంగా మాట్లాడుకుందామనీ ఆచార్యుడు ఆయనను పంపివేశాడు. ఆ తరువాత దివ్యౌషధంతో పెద్ద బండలను తడిపి బంగారంగా మార్చాడు. విహారం పూర్తయింది. లెక్క చూస్తే పనివారు తిన్న ఉప్పుకే తొమ్మిది కోట్ల బంగారు నాణేలు ఖర్చయ్యాయట.

రసవాద సిద్ధిని చరిత్రకారుడు ఐతిహ్యంగానే స్వీకరిస్తాడు. కాని ఆ ఐతిహ్యం నడిచిన క్రమం గమనింపదగినది. అందులో బంగారం చివరగా వస్తుంది. మొదట ఒకరు మరొకరి ముఖం చూసి బాధను గుర్తించారు; కారణం అడిగారు; చెప్పినంతా విన్నారు; సమస్య నడుమ నుండి ఆ మనిషిని ఒక రోజు పక్కకు తప్పించారు. కోసల ప్రజలు తరతరాలుగా చెప్పుకున్న ఈ కథలో గురువు మొదటి సిద్ధి ఎదుటివాని దిగులును చూడగలగడమే.

కథకు ఉత్తరభాగం మరింత గంభీరమైనది. కాలక్రమంలో ఆ విహారంలోని భిక్షువుల మధ్య కలహం పుట్టింది. తీర్పు కోసం వారు రాజు వద్దకు వెళ్లారు. ఆ అదను చూసుకొని ఇతరులు విహారాన్ని ఆక్రమించి, భిక్షువులు మళ్లీ ప్రవేశించకుండా దారులు మూసివేశారు. హుయాన్‌త్సాంగ్ నాటికి లోపలికి పోయే మార్గమే ఎవరికీ తెలియదు. ధనాభావాన్ని తట్టుకొని నిలిచిన విహారం సౌమనస్యం లోపించడంతో పోయింది. బంగారం గోడలను లేపగలిగిందే గాని మనుషులను కలిపి ఉంచలేకపోయింది.

మిత్రునికి రాసిన లేఖ

విహారం పోయినా నాగార్జునుడు ఒక శాతవాహన రాజుకు రాసినదిగా ప్రసిద్ధమైన ‘సుహృల్లేఖ’ నిలిచింది. ఆ రాజు ఎవరన్న విషయంలో పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. సంస్కృత మూలం లభించకపోయినా చైనా, టిబెట్ అనువాదాలలో గ్రంథం భద్రంగా ఉంది. చైనా భాషలోకి అది మూడుసార్లు అనువాదమైంది. వాటిలో ఒకటి 7వ శతాబ్ది చివర భారతదేశంలో చదువుకున్న ఇత్సింగ్ చేసినది. భారతదేశంలో విద్యార్థులు ఈ లేఖను చదువు తొలిదశలోనే నేర్చుకుంటారని ఆయన తెలిపాడు. రాజుకు ఉద్దేశించిన ఉపదేశం ఆ విధంగా బాలుర పాఠమైంది.

లేఖ పేరులోనే దాని పద్ధతి ఉంది. ఆచార్యుడు రాజును సుహృత్తుగా సంబోధించాడు. బ్రహ్మచర్యంలో సగభాగం కల్యాణమిత్రత్వమే అని ఆనందుడు అన్నప్పుడు, సగం కాదు, సమస్తమూ అదే అని బుద్ధుడు సవరించిన సంగతి సంయుత్త నికాయంలో ఉంది. నాగార్జునుని లేఖ ఆ మాటకు ఆచరణ రూపం.

అందులో మనశ్శాంతికి సంబంధించిన ఉపదేశాన్ని మూడు మెట్లుగా చూడవచ్చు. మొదటిది అష్టలోకధర్మాల విషయంలో సమభావం. లాభాలాభాలు, సుఖదుఃఖాలు, యశోఽపయశాలు, నిందాస్తుతులు ఎవరినీ విడిచిపెట్టవు. వాటి రాకపోకలతో పాటు మనస్సు లేచి పడకుండా చూసుకోవడమే సాధన. శరీరానికి తగిలిన బాణంపై మనస్సు రెండవ బాణం వేసుకుంటుందన్న సల్లత్థ సుత్త బోధ ఇక్కడ గుర్తుకు వస్తుంది. మొదటి బాణాన్ని తప్పించే శక్తి రాజుకు కూడా లేదు. రెండవది ఎవరికి వారు ఆపుకోవలసినది.

రెండవ మెట్టు మనస్సును కప్పే పంచనీవరణాలను పేరుపేరునా గుర్తించడం. ఔద్ధత్య కౌకృత్యాలు, వ్యాపాదం, స్త్యానమిద్ధాలు, కామచ్ఛందం, విచికిత్స అనేవి పుణ్యధనాన్ని దోచే దొంగలు. ఈనాడు ఆందోళన, పశ్చాత్తాపం, కోపం, నిస్త్రాణ, అనుమానం అని విడివిడిగా చెప్పుకునే స్థితులన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. దొంగ పేరు తెలిస్తే కాపలా కాయడం సాధ్యమవుతుంది. అందుకే ఆ వెంటనే శ్రద్ధ, వీర్యం, స్మృతి, సమాధి, ప్రజ్ఞ అనే పంచేంద్రియాల ప్రస్తావన వస్తుంది.

మూడవది ఆశ. మునుపు ప్రమత్తుడై తరువాత అప్రమత్తుడైనవాడు మబ్బు విడిచిన చంద్రుని వలె ప్రకాశిస్తాడని చెబుతూ నాగార్జునుడు నందుని, అంగుళిమాలుని, అజాతశత్రువును, ఉదయనుని ఉదాహరించాడు. వీరిలో ఒకరు కామానికి లోనైనవారు, ఒకరు హంతకుడు, ఒకరు పితృఘాతకుడు. గతాన్ని తలచి కుమిలేవానికి ఇంతకంటె బలమైన ఊరట దొరకదు. చేసిన తప్పు లేకుండా పోదు, అయినా దారి మూసుకుపోలేదని లేఖ చెబుతుంది.

ఊరట మాటల్లోనే ఉంటే చాలదని నాగార్జునుడు ఎరుగును. రాజోపదేశమైన ‘రత్నావళి’లో ఊళ్లలో విశ్రాంతి గృహాలు కట్టించాలనీ, నీరు దొరకని దారుల్లో చలివేంద్రాలు పెట్టించాలనీ, చెరలో ఉన్నవారికి సైతం క్షౌరం, స్నానం, అన్నపానాలు, మందులు, బట్టలు సమకూర్చాలనీ విధించాడు. దాహంతో ఉన్నవానికి సమభావం బోధించే ముందు నీరు ఇవ్వాలి.

ఎడారిలో యాత్రికుడు

ఈ ఐతిహ్యాలను లిఖించిన హుయాన్‌త్సాంగ్ జీవితంలో దాహం ఒక ఉపమానం మాత్రమే కాదు. ఆయన శిష్యుడు హుయిలీ రాసిన జీవితచరిత్ర ప్రకారం, భారతదేశానికి బయలుదేరిన కొత్తలో గోబీ ఎడారిలో నీటి తిత్తి చేజారి ఒలికిపోయింది. దారి తప్పింది. వెనుదిరిగి కొంత దూరం నడిచాక, భారతదేశం చేరకుండా తూర్పుకు ఒక్క అడుగు వేయనన్న తన ప్రతిజ్ఞ గుర్తుకు వచ్చి మళ్లీ పడమటికి మరలాడు. నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు చుక్క నీరు లేదు. అవలోకితేశ్వరుని స్మరిస్తూ పడి ఉండగా ఐదవ రాత్రి చల్లగాలి వీచింది. కోలుకున్న గుర్రం ఆయనను నీటి మడుగు వద్దకు చేర్చింది.

ఆ ఎడారిలో ఆయన పఠించినది ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం. అది ఆయనకు లభించిన విధానాన్ని కూడా హుయిలీ చెప్పాడు. అంతకు ముందు షూ దేశంలో ఒళ్లంతా పుండ్లతో, మాసిన గుడ్డలతో ఉన్న ఒక రోగిని హుయాన్‌త్సాంగ్ ఆదరించి, అన్నవస్త్రాలకు సొమ్ము ఇచ్చాడు. కృతజ్ఞతతో ఆ రోగి ఈ సూత్రాన్ని నేర్పాడు. ఒకనాడు పరులకు చేసిన ఉపకారం మరొకనాడు తన ప్రాణాధారమైంది. కల్యాణమిత్రుడు ప్రతిసారీ ఆచార్యుని రూపంలోనే రాడు.

సిర్పూర్ శాసనాలు చెప్పేది

కథల నుండి శిలాసాక్ష్యానికి వస్తే, గుఢియారీ నుండి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న సిర్పూర్‌లో 1950ల మధ్యలో ఎం.జి. దీక్షిత్ నేతృత్వంలో తవ్వకాలు జరిగాయి. భూమిస్పర్శ ముద్రలో ఉన్న పెద్ద బుద్ధ విగ్రహంతో ఒక విహారం బయటపడింది. మహాశివగుప్త బాలార్జునుని కాలంలో ఆనందప్రభుడనే భిక్షువు దానిని నిర్మించి, అక్కడి భిక్షువుల కోసం అన్నసత్రం ఏర్పాటు చేసినట్లు శాసనం తెలుపుతుంది. ధ్యానానికి గది, పూజకు విగ్రహం, వాటితో పాటు పూటపూటకూ అన్నం. ‘రత్నావళి’ చెప్పిన క్రమం ఇక్కడ కట్టడంగా కనిపిస్తుంది.

బాలార్జునుడు పరమ మాహేశ్వరుడు. అయినా మల్లార్‌లో దొరికిన ఆయన తామ్రశాసనం ఒక బౌద్ధ విహారానికి గ్రామదానం చేసిన సంగతిని తెలుపుతుంది. ఆయన తల్లి వాసటాదేవి, భర్త హర్షగుప్తుని మరణానంతరం విష్ణువుకు ఇటుకలతో ఆలయం కట్టించింది. నేడు లక్ష్మణాలయంగా పిలిచే ఆ కట్టడం ఇంకా నిలిచి ఉంది. మతాలు వేరైనా, ఒక వితంతువు శోకమూ ఒక భిక్షువు కరుణా ఒకే నగరంలో పదిమందికీ చెందే కట్టడాలుగా పరిణమించాయి. 1939లో సిర్పూర్‌లో బయటపడిన బౌద్ధ కాంస్య ప్రతిమలలో కొన్ని నేడు రాయ్‌పూర్‌లోని మహంత్ ఘాసీదాస్ స్మారక మ్యూజియంలో ఉన్నాయి.

శిథిలాల నడుమ నిరీక్షణ

కోసల నుండి ఆంధ్ర మీదుగా ధాన్యకటకం చేరిన హుయాన్‌త్సాంగ్‌కు వేరే దృశ్యం ఎదురైంది. అక్కడ సంఘారామాలు చాలా ఉన్నా అధికభాగం పాడుపడ్డాయి. నిలిచి ఉన్నవి ఇరవై వరకు, భిక్షువులు వేయిమంది. ఆ శిథిలాల మధ్య ఆయన విన్న కథ ఆచార్య భావవివేకునిది. తన సందేహాలను మైత్రేయ బుద్ధుడు తప్ప మరెవ్వరూ తీర్చలేరని తలచి, ఆ బుద్ధుని రాక వరకు జీవించి ఉండాలని భావవివేకుడు సంకల్పించాడు. మూడేళ్లు అవలోకితేశ్వరుని, ఆ బోధిసత్త్వుని ఆదేశంపై మరో మూడేళ్లు వజ్రపాణిని ఆరాధించాడు. చివరకు కొండరాయి తెరుచుకొంది. చూడవచ్చిన జనంలో ఆయన వెంట లోపలికి నడిచినవారు ఆరుగురే.

విహారాలు కూలుతున్న కాలంలో ఈ కథ చెప్పుకున్నవారి మనస్సు ఎటువంటిదో ఊహించవచ్చు. వారు క్షీణతను దాచలేదు; సంఖ్యలతో సహా యాత్రికునికి తెలియనిచ్చారు. అదే నోటితో, సందేహాన్ని విడువకుండా ఓపికగా వేచి ఉన్న ఒక పండితుని గురించి చెప్పారు. బౌద్ధంలో ఆశ అంటే బాధ లేదనుకోవడం కాదు. చేయవలసిన పని చేస్తూ, కాలానికి గడువు పెట్టకుండా ఉండగలగడం ఆశ.

నేటి విహారాలకూ పరిశోధన సంస్థలకూ ఈ చరిత్ర ఒక బాధ్యతను గుర్తుచేస్తుంది. మనోవేదనతో గడప తొక్కినవానికి మొదట కావలసింది అతని ముఖం చూసి అడిగే ఒక మనిషి. తరువాత కొంత అన్నం, కొంత విశ్రాంతి. ఆ తరువాతనే ఉపదేశం. సంఘం లోపల కలహం పెరిగితే ఆ ముగ్గురి పనీ చేసేవారు మిగలరు. తొమ్మిది కోట్ల నాణేల ఉప్పు కరిగించిన పర్వత విహారానికి పోయే దారి 7వ శతాబ్దికే మరుగైంది. ఒక మిత్రుడు మరొక మిత్రునికి రాసిన లేఖ పుట్టిన భాషలో అంతరించి కూడా, పరభాషలవారి కంఠస్థంలో నేటికీ జీవించి ఉంది.