తెర నిండాలంటే నిమిషం

నంద్యాల ఇంజినీరింగ్ కాలేజీల యూనిక్స్ ల్యాబుల్లో ఏటా జరిగే తంతు ఒకటుంది. పద్మ అనే అమ్మాయి వీఐ అనే ఎడిటర్ తెరిచి, అలవాటు కొద్దీ ముందు తన పేరు కొడుతుంది. ఇంగ్లిష్‌లో ఐదక్షరాలు: పి, ఏ, డి, ఎం, ఏ. తెర మీద పడేది చివరి మూడే. పక్క సిస్టమ్ ముందు కూర్చున్న రవికి మొదటి అక్షరం ఒక్కటే మాయమవుతుంది. ఒకే ప్రోగ్రాము ఒకరి దగ్గర రెండక్షరాలు, ఇంకొకరి దగ్గర ఒకటి మింగితే, కంప్యూటరు చెడిపోయిందనుకోవడంలో తప్పేముంది?

నిజానికి ఏదీ చెడలేదు. వీఐ తెరిచిన వెంటనే కీబోర్డులోని మీటలు అక్షరాలు కావు, ఆజ్ఞలు. పద్మ కొట్టిన పెద్ద పి, ఇంతకుముందు కోసిపెట్టుకున్నది ఇక్కడ అతికించమనే ఆజ్ఞ. కోసిపెట్టుకున్నదేమీ లేదు కాబట్టి అది ఉత్తదే అయింది. ఏ అంటే, ఇక్కణ్ణుంచి రాయబోతున్నాను అని. అప్పటి నుంచి కొట్టినవన్నీ అక్షరాలయ్యాయి. రవి కొట్టిన పెద్ద ఆర్, ఉన్నదాని మీదే కొత్తది రాయమని చెప్పడం. ఇద్దరికీ తెలియకుండానే ఇద్దరూ రాసే స్థితిలోకి వెళ్లిపోయారు. ఆ తర్వాత వినపడే మాట కూడా ఏటా ఒకటే.

"అన్నా, దీన్లోంచి బయటికి ఎట్ల రావాల?"

"ఎస్కేప్ కొట్టు. కోలన్ పెట్టు. క్యూ కొట్టి ఎంటర్."

"రాలే అన్నా."

"ఏదో రాసినట్టుండావు లే. క్యూ పక్కన ఆశ్చర్యార్థకం పెట్టు."

ఇంత తిరకాసు ఎందుకు పెట్టారని అడిగితే, వాడగా వాడగా అలవాటవుతుందనే జవాబే ఎక్కువగా వస్తుంది. అది జవాబు కాదు. ఈ ఎడిటర్‌లోని వింతల్లో చాలావాటి వెనక ఉన్నది ఒకటే సంగతి: దీన్ని రాసిన మనిషికి, కంప్యూటరుకు మధ్యనున్న టెలిఫోన్ తీగ మహా నెమ్మది.

కథ 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలవుతుంది. కెన్ థాంప్సన్ యూనిక్స్‌తో పాటే ఈడీ అనే ఎడిటర్ రాసుకున్నాడు. ఆనాటికి చాలామంది ముందున్నది తెర కాదు, టెలిటైప్ యంత్రం. మనం కొట్టినదీ, కంప్యూటరు చెప్పినదీ కాగితం చుట్ట మీద అచ్చుపడేవి. బాగా వాడుకలో ఉన్న మోడల్ 33 టెలిటైప్ సెకనుకు 10 అక్షరాలు కొట్టేది. అంత నిదానపు యంత్రంతో కబుర్లు చెబితే పని జరగదు కనుక ఈడీ పరమ పొదుపరి. తప్పు చేస్తే ఒక ప్రశ్నార్థకం కొట్టి ఊరుకుంటుంది, ఏం తప్పో చెప్పదు. ఫైలులో ఏముందో మనం అడిగితేనే చూపిస్తుంది, అదీ అడిగిన లైన్లే. కానీ దానికి గొప్ప బలం ఒకటుంది. ఫలానా మాట ఉన్న లైన్లన్నీ వెతికి, వాటిలో మాత్రమే ఫలానా మార్పు చెయ్యమంటే ఒక్క ఆజ్ఞతో చేసేస్తుంది. ఈ వెతుకులాట ఎంత పనికొచ్చిందంటే, దాన్ని విడదీసి గ్రెప్ అనే ప్రోగ్రాముగా చేసుకున్నారు.

లండన్ క్వీన్ మేరీ కాలేజీలో జార్జ్ కూలూరిస్ దగ్గర తెరలున్న టెర్మినళ్లు ఉండేవి. తెర ఉండగా గుడ్డిగా దిద్దడమెందుకని, ఈడీని మార్చి, దిద్దుతున్న లైను కళ్లముందే మారేటట్టు చేశాడు. అక్కడికి వచ్చిన థాంప్సన్‌కు దాన్ని చూపిస్తే, ఇలాంటివి చూశాననీ, దిద్దేటప్పుడు ఫైలు కంటికి కనబడాలన్న అవసరం తనకు లేదనీ అన్నాడట. కూలూరిస్ తన ఎడిటర్‌కు ఈఎం అని పేరు పెట్టాడు. ఎడిటర్ ఫర్ మోర్టల్స్, అంటే మామూలు మానవుల కోసం! ఎత్తిపొడుపు ఎవరికో వేరే చెప్పక్కర్లేదు.

1976 వేసవిలో కూలూరిస్ కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. అక్కడ బిల్ జాయ్ అనే విద్యార్థి ఈఎంను చూశాడు. జాయ్, అతని మిత్రుడు చక్ హేలీ దాని కోడ్ తీసుకుని పెంచుకుంటూ పోయారు. అదే ఎక్స్ అనే ఎడిటరయింది, 1978 మార్చిలో బర్క్‌లీ పంచిన మొదటి యూనిక్స్ టేపుల్లో చేరింది. ఎక్స్‌లో తెర నిండా ఫైలును చూపించే విభాగం ఒకటి తయారైంది. విజువల్ అన్న మాటలో మొదటి రెండక్షరాలే దాని పేరు. 1979 మేలో వచ్చిన రెండో విడతలో వీఐ అని కొడితే నేరుగా ఆ విభాగమే తెరుచుకునేటట్టు చేశారు.

జాయ్ చాలాభాగం పని ఇంటి నుంచే చేశాడు. ఇంట్లో ఉన్నది లియర్ సీగ్లర్ కంపెనీ ఏడీఎం-3ఏ టెర్మినల్, దానికి 300 బాడ్ మోడెమ్. అంటే సెకనుకు సుమారు 30 అక్షరాలు. తెర మీద 24 లైన్లు, లైనుకు 80 అక్షరాలు, మొత్తం 1920. ముప్ఫైతో భాగిస్తే 64 సెకన్లు. పేజీ తిప్పితే అది తెర మీద పూర్తిగా పరుచుకోవడానికి నిమిషం దాటేది. ఆలోచించే వేగానికి తెర గీసే వేగం సరిపోని పరిస్థితి.

ఈ 64 సెకన్లు గుర్తుపెట్టుకుని చూస్తే వీఐలో అయోమయంగా తోచేవన్నీ విడివడతాయి. మౌస్ లేదు, మెనూ లేదు, ఎందుకంటే మెనూ గీయడానికే పావు నిమిషం పోతుంది. ఆజ్ఞలన్నీ ఒకటి రెండు అక్షరాలే. ఆజ్ఞ కొట్టినట్టు తెర మీద కనబడదు, దాని ఫలితమే కనబడుతుంది. తీగ మరీ నెమ్మదైతే వీఐ తెరంతా వాడేదే కాదు. 300 బాడ్‌కు 8 లైన్లు, 1200కు 16, అంతకు పైనైతేనే నిండు తెర. కొన్ని టెర్మినళ్లలో ఒక లైను తీసేస్తే కిందివాటిని పైకి జరపకుండా, ఆ చోట ఒక ఎట్ గుర్తు పెట్టి వదిలేసేది. మళ్లీ అంతా గీయడం దండగ, నీకు అక్కరైనప్పుడు అడుగు, గీస్తాను అన్నట్టు.

కీబోర్డు విషయమూ అంతే. ఏడీఎం-3ఏకి విడిగా బాణం మీటలు లేవు. హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే ఎడమ, కింద, పైన, కుడి బాణాలు ముద్రించి ఉండేవి. జాయ్ వాటినే తీసుకున్నాడు. అందులో ఎస్కేప్ ఇవాళ మన ట్యాబ్ ఉన్నచోట, క్యూ పక్కనే ఉండేది, చిటికెన వేలికి అందేది. ఇప్పుడు ఎస్కేప్ కోసం చెయ్యి ఎత్తి మూలకు పోవాల్సొస్తోందని విసుక్కునేవాళ్లు జాయ్‌ను కాదు, ఆ తర్వాత కీబోర్డులు చేసినవాళ్లను తిట్టుకోవాలి. మన ఇంటి ఫోల్డరును యూనిక్స్‌లో అలగీతతో గుర్తించడానికీ ఈ టెర్మినలే కారణమంటారు. దాని మీద అలగీత, హోమ్ ఒకే మీట.

నన్నడిగితే ల్యాబుల్లో వీఐని తలకిందులుగా నేర్పుతారు. మొదటిరోజే హెచ్, జె, కె, ఎల్ కొట్టించి కర్సరును అటూ ఇటూ తిప్పిస్తారు. దాంతో ఇదేదో బాణం మీటలు లేని పేద నోట్‌ప్యాడ్ అన్న అభిప్రాయం పడిపోతుంది. మొదట నేర్పాల్సింది ఆజ్ఞలు అతుక్కునే పద్ధతి. డి అంటే తీసెయ్యడం, సి అంటే మార్చడం, వై అంటే నకలు తీసుకోవడం. ఎంతమేర అన్నది ఆ తర్వాతి అక్షరం చెబుతుంది. డబ్ల్యూ అంటే ఒక మాట, డాలరు గుర్తు అంటే లైను చివరిదాకా, పెద్ద జి అంటే ఫైలు చివరిదాకా. డి డబ్ల్యూ కొడితే మాట పోతుంది. సి డాలర్ కొడితే ఇక్కణ్ణుంచి లైను చివరిదాకా కొత్తగా రాసుకోవచ్చు. డి డబ్ల్యూకు ముందు 3 అనే అంకె వేస్తే మూడు మాటలు. ఇప్పుడు చేసిందే ఇంకోచోట చెయ్యాలంటే ఒక చుక్క చాలు. నాలుగు పనులు, ఐదు కొలతలు వస్తే ఇరవై ఆజ్ఞలు వచ్చినట్టే. ఇది పట్టుబడ్డవాళ్లకు కర్సరు తిప్పడం దానంతటదే వస్తుంది.

జాయ్ ఇంకా పెద్ద ఎత్తున చేద్దామనుకున్నాడు. ఒకే తెరను విభజించి రెండు మూడు ఫైళ్లు పక్కపక్కన చూపించాలని 1978 చివర్లో కోడ్ చాలావరకు తిరగరాశాడు. అప్పుడే కొత్త వ్యాక్స్ కంప్యూటరు వచ్చింది. టేప్ డ్రైవ్ చెడిపోయింది, బ్యాకప్ తీసే దారి లేదు. అయినా పని ఆపలేదు. ఒకరోజు కోడంతా నాశనమైంది, పూర్తి కాగితం ప్రతి కూడా లేదు. మళ్లీ రాసే ఓపిక లేక పాత ప్రతికే వెళ్లి, మాన్యువల్ పూర్తిచేసి వదిలేశానని 1984లో ఒక ఇంటర్వ్యూలో తనే చెప్పాడు. అప్పటికి అతను సన్ మైక్రోసిస్టమ్స్ వ్యవస్థాపకుల్లో ఒకడు. 1979 నుంచి వీఐ బాగోగులు మార్క్ హార్టన్ చూశాడు. బాణం మీటలు పనిచెయ్యడం అతని చలవే.

వీఐలో ఈడీ కోడ్ కలిసివుండటంతో ఏటీ అండ్ టీ లైసెన్సు లేనివాళ్లకు దాన్ని పంచడానికి వీల్లేదు. 2002లో ఆ అడ్డు తొలగింది గానీ, ఈలోగా జనం సొంతంగా నకళ్లు రాసుకున్నారు. 1987లో టిమ్ థాంప్సన్ అటారీ ఎస్‌టీ కోసం రాసిన స్టీవీ వాటిలో ఒకటి. అమీగా కంప్యూటరు కొన్న డచ్ ప్రోగ్రామర్ బ్రామ్ మూలెనార్‌కు వీఐ కావాల్సొచ్చి, స్టీవీని తీసుకుని బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. 1991 నవంబరులో అది విమ్ అనే పేరుతో అమీగా వాళ్లకు పంచే ఒక డిస్కులో బయటికొచ్చింది. అప్పట్లో ఆ పేరులోని చివరి అక్షరానికి అర్థం అనుకరణ, రెండేళ్లకు మెరుగుపరిచినది అని మార్చారు. జాయ్ పోగొట్టుకున్న విభజిత తెర 1994లో విమ్ 3.0తో వచ్చింది.

విమ్ ఏ ఫైలూ లేకుండా తెరిస్తే, ఉగాండాలోని పేద పిల్లలకు సాయం చెయ్యమని ఒక లైను కనిపిస్తుంది. నంద్యాలలో దాన్ని చూసినవాళ్లలో ఎక్కువమంది ఏదో ప్రకటన అనుకుని వదిలేస్తారు. మూలెనార్ ఉగాండాలోని కిబాలే అనే ఊళ్లో ఏడాదిపాటు నీటి సరఫరా, పారిశుధ్య పనుల ఇంజినీరుగా స్వచ్ఛందంగా పనిచేశాడు. తన ప్రోగ్రాముకు ధర పెట్టకుండా, నచ్చితే అక్కడి పిల్లలకు పంపమన్నాడు. 2023 ఆగస్టు 3న చనిపోయేదాకా విమ్‌ను తనే చూసుకున్నాడు.

నేర్చుకునేవాళ్లకు విమ్‌ట్యూటర్ అనే పాఠం దాంతోనే వస్తుంది. టెర్మినల్‌లో ఆ పేరు కొడితే చాలు. చదవడానికి కాదది, అందులోని తప్పుల లైన్లను దిద్దుతూ పోవాలి, అరగంట పని. వెనకటి టైపు ఇన్‌స్టిట్యూట్లలో ఏఎస్‌డీఎఫ్, సెమీకోలన్ ఎల్‌కేజే అని పేజీలు కొట్టించేవారే, అదే దారి. లోయరో హయ్యరో పాసైనవాళ్ల కుడి చూపుడువేలు జె మీదే నిలబడి ఉంటుంది కనుక వాళ్లకు ఇది ఇట్టే పట్టుబడుతుంది.

2020 మార్చి తర్వాత హైదరాబాదు, బెంగళూరుల నుంచి ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లకు ల్యాప్‌టాప్‌లతో తిరిగొచ్చినవాళ్లలో కొందరికి 300 బాడ్ కష్టం మళ్లీ తెలిసొచ్చింది. ఫోన్ హాట్‌స్పాట్‌తో కంపెనీ సర్వరుకు వెళ్లి, ఒక కాన్ఫిగరేషన్ ఫైలులో ఒక అంకె మార్చాలి. కిటికీలు, బొమ్మలతో కూడిన రిమోట్ డెస్క్‌టాప్ ముక్కలు ముక్కలుగా వస్తుంటే, వీఐ మాత్రం మారిన అక్షరాలే పంపుకుంటూ పని కానిచ్చేది.

తెలుగుతో మాత్రం దానికి ఇంకా పూర్తిగా పొసగలేదు. ఆళ్లగడ్డ అన్న మాట మనకు నాలుగక్షరాలు, విమ్ కర్సరుకు ఆరు. ఒత్తులను విడిగా లెక్కపెడుతుంది, చాలా టెర్మినళ్లలో విడిగానే చూపిస్తుంది. రెండో చోట ఎక్స్ కొడితే మిగిలేది ఆలగడ్డ. అక్షరాలు దిద్దడానికి చిరాకే గానీ, వెతికి మార్చే పనికి ఈ ఇబ్బంది అడ్డు రాదు. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి నంద్యాల విడిపోయి వేరే జిల్లా అయింది. విగ్రహాలు చెక్కే ఆళ్లగడ్డలో ఒక శిల్పశాల వాళ్ల దగ్గర చిరునామాల ఫైలు ఉందనుకుందాం. కర్నూలు జిల్లాలోని ఊళ్లన్నీ అందులో కలిసే ఉన్నాయి. ఆళ్లగడ్డ ఉన్న లైన్లలోనే జిల్లా పేరు మారాలి, ఆదోని లైన్లు అట్లాగే ఉండాలి. కోలన్, జి, స్లాష్, ఆళ్లగడ్డ, స్లాష్, ఎస్, స్లాష్, కర్నూలు, స్లాష్, నంద్యాల, స్లాష్. ఇది థాంప్సన్ ఈడీలో ఉన్న ఆజ్ఞే, అక్షరం మారలేదు. ఎంటర్ కొట్టగానే లైన్లన్నీ మారతాయి, దాంతోపాటు కర్నూలు రోడ్డులో ఉన్నవాళ్లంతా నంద్యాల రోడ్డుకు మారిపోతారు. అప్పుడు యు కొడితే అంతా మొదటికొస్తుంది. కోలన్ పెట్టి, పై బాణం నొక్కి అదే ఆజ్ఞను పిలిచి, కర్నూలు పక్కన జిల్లా అనీ, నంద్యాల పక్కన జిల్లా అనీ చేర్చి మళ్లీ ఎంటర్ కొట్టాలి.